నాసిక్‌లో ఎర్ర సీసా... పదికి ఎన్ని?

మేం నాసిక్ వెళ్ళింది ఫాల్కే గారి కోసం. నమ్మండి! 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీసిన దాదాసాహెబ్ ఫాల్కే 1870లో పుట్టిన త్రయంబకేశ్వర్ ఆ పక్కనే. 1944లో కన్నుమూసింది నాసిక్‌లోనే. పాండవ్‌లేణి గుహల కింద ఆయన స్మారకం చూసి బయటికొస్తుంటే మా బావమరిది పట్టుకున్నాడు.

"బావా, హరిశ్చంద్రుణ్ణి తెరకెక్కించినాయనకి దండం పెట్టావు. ఇక అబద్ధమాడకు. ద్రాక్షసారా రుచి చూడాలని ఉందా, లేదా?"

ఉంది. (మహారాష్ట్రలో వైన్‌కి 21 ఏళ్ళు నిండాలి. నిండని తమ్ముళ్ళు తోటల ముచ్చటతో సరిపెట్టుకోండి.)

ఫిబ్రవరి... కోతల కాలం. గంగాపూర్ డ్యామ్ వైపు ఆటోలో పోతుంటే దారి పొడుగునా ద్రాక్ష తోటలే. హైదరాబాదు అనాబ్-ఎ-షాహీ తిని పెరిగిన నాలుక నాది. వైన్ ద్రాక్ష అలా ఉండదు. చిన్న పండు, మందపు తోలు, లోపల గింజలు. నల్లద్రాక్షయినా పిండితే రసం దాదాపు తెల్లగానే వస్తుందట! తొక్కలతో కలిపి పులియబెడితేనే ఆ ఎరుపూ, ఆ వగరూ.

దుకాణంలో షిరాజ్ ద్రాక్షతో చేసిన సీసాలు రెండు చూపించారు. ఒకటి నాలుగొందల చిల్లర, రెండోది దానికి మూడింతలు. మా ఇద్దరి ఉమ్మడి ఖజానా ఆరొందలు! చవకదే తీసుకున్నాం. "బాగోకపోతే నా వాటా వాపసు" అన్నాడు వాడు. సరేనన్నాను గానీ, ఆ వాటా ఇచ్చేస్తే తిరుగు ప్రయాణంలో నాకు భోజనం లేదు.

లాడ్జి గదిలో స్టీలు గ్లాసుల్లో పోశాం. మొదటి గుక్క... అబ్బే! గొంతు మండింది, నాలుక పిడచ కట్టింది. వాడి మొహం ఫ్లాపు సినిమాకి మొదటాట టిక్కెట్టు కొన్నవాడిలా ఉంది.

"డబ్బులు తియ్యి బావా."

నీళ్ళు తెచ్చిన కుర్రాడు సీసా ముట్టుకుని నవ్వాడు. మధ్యాహ్నమంతా ఎండలో సంచిలో మోశాం మరి! ఐసు బకెట్టు తెచ్చి, ఇరవై నిమిషాలు ముంచమన్నాడు. ఎర్ర వైన్ గది చల్లదనంలో తాగాలంటారే, ఆ గది 16, 18 డిగ్రీల చలిదేశపు గది. మన రేకుల షెడ్డు కాదు! వేడెక్కితే మందు ఘాటే ముందుకొచ్చి పండు వాసనని తొక్కేస్తుంది.

ఇంటర్వెల్ తర్వాత కథ మారింది. నేరేడు పండు వాసన, వెనక మిరియం చురుకు. మటన్ ముక్క నమిలి తాగితే వగరు కూడా దారికొచ్చింది. అయితే రుచి నోట్లో నిలవదు, మింగగానే మాయం. క్లైమాక్సు తేలిపోయిన సినిమా అన్నమాట.

రుచికి పదికి ఐదే ఇస్తాను. ఆ ధరకి మాత్రం ఏడు... మళ్ళీ కొంటాను గనక. ఖరీదైన సీసా తాగలేదు, దాని ఊసెత్తను.

బావమరిది నాలుగున్నరకి మించలేదు. సగం వాటా వసూలు చేసుకునే పడుకున్నాడు. పొద్దున లేచి చూస్తే, గ్లాసుడు మిగిల్చిన సీసా ఖాళీ!