డాబా మీద మెత్తళ్లు

మా చాపాడు వైపు తుఫానంటే భయపడేవాళ్లు తక్కువ. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందని టీవీలో చెబితే జమ్మలమడుగు నల్లరేగడి రైతు శనగ విత్తనాల మూట విప్పుతాడు. ఆ వానకు నేల పదునెక్కితేనే అతనికి పంట. ప్రొద్దుటూరు బస్టాండులో టీ తాగుతూ "బందరు దగ్గర తీరం దాటితే మనకు చినుకు రాలదు, నెల్లూరు పక్కకొస్తే బాగుండు" అని మాట్లాడుకునే మనుషులం మేము. ఆ బందరు పక్కన బతికేవాళ్లకు నవంబరు నెల ఎట్లుంటుందో చూడాలని చాలాకాలంగా మనసులో ఉంది. ఒక నవంబరులో దివిసీమకు బయలుదేరాను.

విజయవాడ దాకా రాత్రి బస్సు గురించి చెప్పడానికేమీ లేదు. ముందు సీటాయన ఫోన్లో చూసిన సినిమా అంతా నేనూ విన్నాను, అంతే.

పులిగడ్డ దగ్గర మాత్రం పని గట్టుకుని దిగాను. కృష్ణ ఇక్కడ రెండు పాయలవుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ మధ్య చిక్కిన నేల దివిసీమ. పాయ మీద బ్రిటిష్ కాలపు అక్విడక్టు ఉంది. కింద ఏరు, పైన కాలువ. కాలువ చూస్తే కడప జిల్లావాడికి కేసీ కాలువ గుర్తుకు రాక తప్పదు. దాన్ని 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ లండన్ వాటాదారుల డబ్బుతో తవ్వించింది. నీళ్లమ్మీ పడవలు నడిపీ లాభం తీయాలనుకున్నారు. లాభం రాలేదు. 1882లో సర్కారు కొనేసింది. వాటాదారుల సంగతేమో గానీ మా వరిమడికి ఇప్పటికీ ఆ నీళ్లే. లాభం కోసం వచ్చిన పరాయి డబ్బు మాకు కాలువ మిగిల్చింది. మరి ఉప్పెన తర్వాత జాలితో వచ్చిన పరాయి డబ్బు ఇక్కడ ఏం మిగిల్చింది? గట్టు మీద నిలబడి ఉండగా పుట్టిన ఆ ప్రశ్న తిరిగొచ్చేదాకా నన్ను వదల్లేదు.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్లలోకి వచ్చింది. చనిపోయినవారు పదివేలకు పైనే. అవనిగడ్డ మనిషి మండలి వెంకట కృష్ణారావు అప్పుడు జలగం వెంగళరావు మంత్రివర్గంలో ఉన్నారు. రెండేళ్ల ముందు హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు నడిపించిన విద్యామంత్రి ఆయనే. ఉప్పెన తర్వాత పదవి వదిలి సహాయ పనుల్లో దిగారు. మదర్ థెరిసా వచ్చారు. ఆక్స్‌ఫాం, కేర్ లాంటి విదేశీ సంస్థలు, చర్చిల తరఫున కాసా, రెడ్‌క్రాస్, రామకృష్ణ మిషన్, ఆరెస్సెస్ అందరూ దిగారు. విదేశీ విరాళాల మీద అదుపు పెట్టే చట్టం అంతకు ముందటేడే, 1976లో వచ్చినా పరాయి సాయం ఆగలేదు.

అవనిగడ్డలో బస చేసిన లాడ్జిలో దోమలు నిద్రపోనివ్వలేదు. పొద్దున్నే నాగాయలంక మీదుగా సొర్లగొంది దారి పట్టాను. ఇరువైపులా రొయ్యల చెరువులే. మడ అడవి చూపిస్తానన్న ఆటో కుర్రాడు ముందు నాకు ఆక్వా రేట్లన్నీ చెప్పాడు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే ఎంత ధర, మేత ఎంత పెరిగింది. ఉప్పెన గురించి అడిగితే "అది మా తాతల కాలం కదండీ" అన్నాడు. తప్పేం లేదు, వాడు పుట్టేనాటికి పాతికేళ్లు గడిచిపోయాయి.

దారిలో ఒక చిన్న పల్లె. అక్కడ ఒక ఇంటి ముందు ఆటో ఆపించాను. చుట్టూ కొత్త మేడలు, రేకుల షెడ్లు. మధ్యన పొట్టి డాబా, రెండే గదులు. గోడకు బయటి నుంచి మెట్లు. పట్టెడంత ఇంటికి అంత వెడల్పు మెట్లెందుకో ముందు అర్థం కాలేదు. శ్లాబు అడుగున పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. ఒక చువ్వ వేలితో తాకితే పొడిపొడిగా రాలింది. గుమ్మం పక్కన గోడలో పొదిగిన రాయి మీద ఏవో అక్షరాలు. సున్నం మీద సున్నం పడి ఇంటి పేరో దేశం పేరో పూడిపోయింది. డాబా పైన చాప పరిచి మెత్తళ్లు ఎండబెట్టారు. కాకుల్ని అదిలిస్తూ ఒక ముసలామె మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఎవరు కట్టించారవ్వా ఈ ఇల్లు?"

"తెల్లోళ్లు బాబూ. ఏ దేశమో మరి. ఒకాయన కింద కూర్చుని మాతోపాటు అన్నం తిన్నాడు. పేరు నోరు తిరగలేదు."

ఉప్పెన నాటికి ఆమెకు పెళ్లయి ఏడాది. పొద్దంతా గాలి. చీకటి పడ్డాక నీళ్లు. "తుమ్మచెట్టు చిక్కింది. నేను పట్టుకోలా, ముళ్లే నన్ను పట్టుకున్నాయి" అని మోచేతి మీద మచ్చలు చూపించింది. అత్త, మరిది, మరిది పిల్లలు మిగల్లేదు. ఏడవలేదామె. చెప్పీ చెప్పీ ఆ మాటలు ఆమెకు నలిగిపోయి ఉన్నాయి.

నేను సాయం గురించి అడిగాక మాత్రం ఉత్సాహం వచ్చింది. హెలికాప్టర్ నుంచి పొట్లాలు పడ్డాయట, సగం బురదలోకి. పాలపొడి వచ్చింది, కలుపుకోడానికి మంచినీళ్లు లేవు, బావులన్నీ ఉప్పు. బట్టల మూటల్లో ఉన్ని కోట్లు వచ్చాయి. "ఆ కోటు ఏం చేశావవ్వా?" అంటే నవ్వి, "పడవలో వల కింద పరిచాం. చాన్నాళ్లుంది, గట్టి గుడ్డ" అంది. వలలు ఎవరైనా ఇచ్చారా? ఇచ్చారు, ఏడాది తర్వాత, అదీ పడవ ఉన్నవాళ్లకు. ఆమె మొగుడికి పడవ లేదు. కూలికి పోయేవాడు.

మధ్యాహ్నం అన్నం అక్కడే. వద్దన్నా వినలేదు. వంకాయ, ఎండు మెత్తళ్ల కూర. సంగటీ ఊరిబిండీ తిని పెరిగిన నోరు నాది. ఎండు చేప వాసనకే ఆమడ దూరం పోయేవాణ్ని. మెత్తళ్ల తలలు గిల్లి, ఇసుక పోయేదాకా నాలుగైదు నీళ్లలో కడిగి, నూనెలో దోరగా వేయించి పక్కన పెట్టింది కోడలు. వంకాయ మగ్గాక చింతపండు పులుసు పోసి, అవి చివరన వేసింది. కారం మా సీమ కారానికి తీసిపోదు. రెండోసారి నేనే అడిగి వడ్డించుకున్నాను. మళ్లీ దివిసీమ పోతే ఆ కూర కోసమైనా పోతాను.

అన్నాల తర్వాత మెట్ల సంగతి అడిగాను. "అవే కదా బాబూ ముఖ్యం. నీళ్లొస్తే పైకెక్కమని కట్టారు." మరి ఎక్కారా? 1990 మేలో మళ్లీ పెద్ద తుఫాను ఈ కృష్ణ మొగ దగ్గరే తీరం దాటింది. ఈసారి మెట్ల దాకా పోలేదు. ముందురోజే పోలీసులు, రెవెన్యూవాళ్లు లారీలు తెచ్చి, రానన్నవాళ్లను తిట్టి మరీ ఎక్కించి, స్కూళ్లలో దింపారు. కోస్తా మొత్తం మీద ఆరు లక్షలకు పైగా జనాన్ని అట్లా తరలించారు. చనిపోయినవారు వెయ్యి లోపు. అదే తీరం, మళ్లీ అంతటి గాలి. పదమూడేళ్లలో పదివేల చావులు వెయ్యి లోపుకు దిగాయి. కోట్లూ పాలపొడీ తగ్గించిన లెక్క కాదది. ముందురోజు చేరిన కబురు, ఎక్కించిన లారీ, తలదాచుకునే గట్టి కప్పు తగ్గించిన లెక్క.

పీటర్ వించెస్టర్ అనే ఇంగ్లీషు పరిశోధకుడు ఉప్పెన తర్వాత ఏళ్ల తరబడి ఈ సీమలో కుటుంబాలను గమనించి 1992లో పుస్తకం రాశాడు. సొంత నేలా గొడ్డూ ఉన్నవాళ్లు తేరుకున్నారనీ, లేనివాళ్లు అప్పుల్లోనే ఉండిపోయారనీ అతను తేల్చాడు. తుమ్మ ముళ్ల మచ్చలున్న అవ్వ చెప్పిందీ అదే. ఇల్లొచ్చింది, పడవ రాలేదు.

పరాయి సాయం వద్దని కాదు నేననేది. 2008లో నర్గీస్ తుఫానప్పుడు బర్మా సైనిక పాలకులు విదేశీ సహాయకులను వారాల తరబడి రానివ్వలేదు. ఆ మొండితనానికి జనం బలయ్యారు. మన దేశం 2004 సునామీ అప్పుడు విదేశీ ప్రభుత్వాల సాయం అక్కర్లేదంది. ఆత్మగౌరవం మంచిదే. ఆ గౌరవం మన డ్యాం గేట్ల మీద కూడా ఉండాలి.

ఈ మాట ఊరికే అనడం లేదు. 2021 నవంబరు 19న, సరిగ్గా ఉప్పెన తేదీనే, మా కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పైన పింఛ కట్ట ముందే తెగింది. బంగాళాఖాతపు వాయుగుండం వానలే కారణం. మేం కోరుకునే వానలు. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట తెల్లారేసరికి బురదయ్యాయి. ఒక గేటు పనిచేయలేదని గొడవ జరిగింది. తర్వాత మా వీధిలో పాత చీరల మూటలు కట్టడం కళ్లారా చూశాను. దివిసీమ అవ్వ కోటు ఏమైందో అప్పుడు మాకెవరికీ తెలియదు.

వచ్చే నవంబరులో ఎక్కడో ఒకచోట తుఫాను పడుతుంది. మీ ఊళ్లో చందాల డబ్బా తిరుగుతుంది. తప్పకుండా వేయండి. వేసే ముందు, ఆ డబ్బు ఎవరి చేతికి పోతుందో, పడవ లేనివాడికి పడవ కొనిస్తారో లేదో ఒక్క మాట అడగండి. బట్టల మూటలు మాత్రం పంపకండి.