చేతిలో ఒకటి

మొన్న మూడో తరగతి పిల్లలకి పెద్ద కూడికలు చెబుతున్నాను. బోర్డు మీద 368, దాని కింద 275 వేశాను. మాదిగ గూడెం నుంచి వచ్చే పిల్ల పలక ఎత్తి చూపింది: 51313. క్లాసంతా గొల్లుమంది. నాకు నవ్వు రాలేదు. ఎనిమిదీ అయిదూ పదమూడు. ఆరూ ఏడూ పదమూడు. మూడూ రెండూ అయిదు. విడివిడిగా ఒక్కటీ తప్పు కాదు. పది ఒకట్లు కలిస్తే పదుల స్థానంలోకి వెళ్లాలని ఆ పిల్లకి ఎవరూ చూపించలేదు, అంతే.

నాకూ చూపించలేదు. మా అయ్యవారు మమ్మల్ని వెనక కూర్చోబెట్టి, మా పలకలు ముట్టకుండా, "చేతిలో ఒకటి" అనేవాడు. నేను అరచెయ్యి తెరిచి చూసుకునేవాణ్ణి. ఏమీ కనపడేది కాదు.

ఆ ఒకటేమిటో మా అమ్మ చూపించింది. అక్షరమ్ముక్క రాదు ఆమెకి. నారు కట్టలు లెక్కబెట్టేటప్పుడు పదికొక గులకరాయి కొంగున వేసుకునేది. "చేతిలో కాదురా, కొంగులో" అంది. లెక్క తెలిసిపోయింది.

వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లోనే వచ్చింది. 1997లో కూడా మా నాయన బాకీ కింద జీతం ఉన్నాడు. నేను నాలుగో తరగతి. పాత బాకీ 478, పండక్కి తెచ్చింది 356. "మొత్తం 934" అని చదివాడు కామందు. నాయన వేలిముద్ర వెయ్యబోతున్నాడు. నేను గోడవార పుల్లతో నేల మీద కూడాను. 834. వందల్లో ఒకటి ఎక్కువ వేశాడు.

"వంద ఎక్కువుందయ్యా" అన్నాను.

"నీ కొడుక్కి చదువెక్కువైందిరా" అంటూనే దిద్దాడు. ఏడు తిరక్కుండానే నాయన్ని పనిలోంచి తీసేశాడు. మిగిలిన బాకీకి అమ్మ నాట్లేసింది, నాయన పొరుగూళ్లకు కూలికి పోయాడు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు, బడి మానిపించలేదు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే.

మనోళ్లకి లెక్కలంటే భయమంటారు. భయం లెక్కలంటే కాదు, లెక్క అడగటమంటే.

ఆ పిల్లకి చీపురుపుల్లలు ఇచ్చాను. పదేసి దారంతో కట్టి పక్కన పెట్టింది. పది కట్టలైతే ఇంకో పెద్ద కట్ట. చివరికి 643 వేసింది.

"కరెక్టేనా సార్?"

"నన్నడక్కు. నువ్వే ఇంకోసారి కూడి చూసుకో" అన్నాను.