గోల్ఫ్ మైదానంలో ఒక బండి

గోల్ఫ్ నేనెన్నడూ ఆడలేదు. గోల్కొండ వద్ద నయాఖిల్లా మైదానంలో ధనవంతులు తెల్లని బంతిని కొట్టి, దాని వెంట తీరికగా నడచిపోవడం దూరం నుండి చూడటమే ఆ క్రీడతో నాకున్న పరిచయం. అట్టి నేను ఒక గోల్ఫ్ క్రీడాకారుని గురించి వ్రాయబూనడానికి కారణం నా అపరాధమే.

కొన్నేళ్ల క్రిందట, వేరొక కళాశాలలో పనిచేస్తున్నప్పుడు, కాలికి కాలిపర్ ధరించిన విద్యార్థి ఒకడు తన తరగతిని రెండవ అంతస్తు నుండి క్రిందికి మార్చవలసినదిగా విన్నవించుకొన్నాడు. అధ్యాపకుల సమావేశంలో "నియమం అందరికీ ఒక్కటే" అని గట్టిగా వాదించినవాడను నేనే. నా మాటే నెగ్గింది. తరువాత కొంతకాలానికి, న్యాయశాస్త్రం చదువుతున్న నా పూర్వ విద్యార్థి ఒక అమెరికా తీర్పు తెచ్చి చదవమన్నాడు. అది కేసీ మార్టిన్ కథ.

ఒరెగాన్ రాష్ట్రంలోని యూజీన్ నగరవాసి అయిన మార్టిన్‌కు పుట్టుకతోనే కుడికాలి రక్తనాళాలలో లోపం. నడచినకొద్దీ బాధ, ఎముక విరిగే భయం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో టైగర్ ఉడ్స్‌తో ఒకే జట్టులో ఆడినవాడు. పెద్ద టూర్‌లో ప్రవేశం కోరేవారికి ఆనాడు నైకీ టూర్ అనే రెండవ శ్రేణి టూర్ మెట్టువంటిది. 1990లో బెన్ హోగన్ పేరిట ప్రారంభమైన ఈ టూర్, ప్రాయోజకులు మారినకొద్దీ పేరు మార్చుకొంటూ వచ్చింది. ఊరూరా తిరిగి ఆడటం, సంవత్సరాంతాన బహుమతి ధనాన్ని బట్టి వరుస తేల్చడం అక్కడి పద్ధతి. మైదానమంతా కాలినడకనే తిరగాలన్నది నియమం. మార్టిన్ బండి కోరాడు, నిర్వాహకులు కాదన్నారు, అతడు న్యాయస్థానానికి వెళ్లాడు. 1998 జనవరిలో, న్యాయస్థానం తాత్కాలికంగా అనుమతించిన బండిలో తిరుగుతూ, లేక్‌లాండ్ పోటీలో గెలిచాడు.

ఆర్నాల్డ్ పామర్, జాక్ నిక్లాస్ వంటి మహామహులు నిర్వాహకుల పక్షాన సాక్ష్యమిచ్చారు. అలసట కూడా ఆటలో భాగమేనన్నది వారి అభిప్రాయం. వినడానికి న్యాయంగానే తోస్తుంది, నాకూ తోచింది. కాని న్యాయమూర్తి లెక్క వేయించాడు. 18 గుంటల ఆటకు సుమారు 5 మైళ్లు, 5 గంటలు. ఖర్చయ్యేది 500 కేలరీలు మాత్రమే. బండి ఉన్నా మార్టిన్ మైలుకు పైగా నడవక తప్పదు. ఆ నడకలో అతడు పడే శ్రమ తక్కినవారి శ్రమను మించినది. ఆట సారం బంతిని కొట్టడంలోనే ఉన్నదని తేల్చి, 2001లో సుప్రీంకోర్టు 7-2 ఆధిక్యంతో అతని పక్షాన నిలిచింది.

కాని నా మనస్సును పట్టుకొన్నది తీర్పుకన్నా 1999 సీజను. ఆ ఏడు మొదటి 15 మందికే పెద్ద టూర్ ప్రవేశం. ఒక్క విజయమైనా లేకుండా, వారం వెంట వారం ఆ కాలితోనే ఆడి, మార్టిన్ 14వ స్థానంలో నిలిచాడు. 2000లో పెద్ద టూర్‌లో ఆడాడు గాని, ఆ ప్రవేశాన్ని నిలుపుకోలేకపోయాడు. బండి ఇచ్చినది అవకాశమే, గెలుపు కాదు. అనంతరం ఒరెగాన్ విశ్వవిద్యాలయ జట్టుకు శిక్షకుడై, 2016లో ఆ జట్టును జాతీయ విజేతగా నిలిపాడు. 2021లో ఆ కాలు తీసివేయవలసి వచ్చింది.

తీర్పు చదివిన మరునాడు హాజరు పట్టీ తిరగవేశాను. ఆ విద్యార్థి పేరుకెదురుగా డిసెంబరు నుండి అన్నీ గైర్హాజరు గుర్తులే. సాయంత్రం అందరూ వెళ్లాక రెండవ అంతస్తుకు మెట్లు లెక్కపెట్టుకొంటూ ఎక్కాను. నలభై నాలుగు.