తోలు వాసర్ (వాడ ముచ్చట్లు – 23)



మోట గురించి రాసిన పోయిన ముచ్చట చదివి ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, మోటలు పోయినయి, కిర్రుచెప్పులు పోయినయి. డప్పుకు గూడ ప్లాస్టిక్ కప్పుతున్నరు. ఇంక మన తోలుపనితోని ఎవలికి అక్కర?" రెండు ముక్కలల్ల ఒడిసే జవాబు కాదిది. అందుకే ఇయ్యాల తుపాకి ముచ్చట.

తుపాకి అంటే భయపడకుండ్రి. జాతరల బుగ్గలు పేల్చే గాలి తుపాకి. మీరందరు ఒక్కసారన్న పట్టుకున్నదే. గొట్టాన్ని నడుమకు వంచితే లోపల పిస్టన్ వెనుకకు పోయి స్ప్రింగు నలుగుతది. ట్రిగ్గర్ గుంజంగనే స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తంతది. ముందటున్న గాలి ఒక్కసారే ఇరుకై, సన్న రంధ్రంల నుంచి ఎల్లి సీసం గుండును తోస్తది. మందు లేదు, మంట లేదు, అంతా గాలి బలమే. ఆ గాలి పిస్టన్ పక్కల నుంచి జారిపోకుండ పట్టేది పిస్టన్ మూతికి ఉండే చిన్న గిన్నె అసుంటి వాసర్. పాత తుపాకులల్ల అది తోలుది. జర్మనీల తయారైన పాత డయానా 27, డయానా 35లల్ల గూడ తోలు వాసరే. అది ఎండిపోతే తుపాకి దగ్గుతది. గుండు బుగ్గకు తాకి కింద పడ్తది.

మన బోరింగుల గూడ గిసుంటి వాసరే. ఇండియా మార్క్ 2 బోరింగులకు మొదట్ల తోలు గిన్నెలే ఉండె, నైట్రైల్ రబ్బరువి తర్వాత వచ్చినయి. మా ఊర్ల మాదిగ బిందెలను వేరే వరుసల పెట్టించిన రోజులల్ల గూడ, భూమి కింద ఆ నీళ్లను మీదికి ఎత్తింది తోలే. ఇది ఎవలికన్న చెప్తే నవ్వుతరు. నాకైతే నవ్వు రాదు.

మా కంగ్టిల ఒక సైకిల్ మిస్త్రీ ఉన్నడు. జాతరలు తిరిగే బుగ్గల దుకాణపోళ్ల తుపాకులు విప్పుడు, కట్టుడు ఆయన పని. విప్పుడు అల్కటి పని కాదు. లోపల స్ప్రింగు నొక్కుకొని ఉంటది, పట్టు లేకుండ పిన్ను తీస్తే ఎగిరి మొఖం పలుగుతది. చట్రంల బిగిచ్చి, మెల్లగ మర తిప్పుకుంట వదుల్తడు. ఆయన విప్పుతడు గాని వాసర్ చెయ్యడు. పిస్టన్ ఒక్కటి గుడ్డల చుట్టుకొని "కాకా ఉన్నడా" అనుకుంట మా చిన్నాయిన కాడికొస్తడు. చిన్నాయినకు డెబ్బై దాటినయి. ఆరె, రంపె, గూటం ఇంకా ఆయన మంచం కిందనే ఉంటయి.

పోయిన చలికాలంల మిస్త్రీ తెచ్చిన పిస్టన్ జాతరది కాదు. పక్క ఊరి పటేల్ ఇంటి తుపాకిది, పాత డయానా. మా నాయిన కాలంల అది మామిడితోట కాపలాకు తిరుగుతుండె. కాపలా అంటే చిలుకల మీద కాదు, రాలిన కాయల కోసం పోయిన మా వాడ పిల్లల పిక్కల మీద. మా మేనత్త పిక్కకు పప్పుబద్ద అంత మచ్చ ఉండె. సచ్చేదాక ఉండె.

ఇప్పుడు ఆ ఇంటి మనుమడు హైదరాబాద్‌ల ఉంటడు. తాత గుర్తని తుపాకిని బాగుచేయించాలె అనుకున్నడు. ముందుగల ఆన్‌లైన్‌ల ప్లాస్టిక్ సీల్ తెప్పిచ్చిండు. అది కుదరలే. పాత గొట్టం లోపల ఏండ్ల తరబడి రాసుకొని ఒకకాడ అరిగి, ఒకకాడ బిగువుగ ఉంటది. ప్లాస్టిక్‌కు ఒకటే కొలత తెలుసు. తోలు అట్ల కాదు, నాలుగు దినాలు నడిస్తే ఆ గొట్టం అచ్చునే పట్టుకుంటది.

చిన్నాయిన స్క్రూ తీసి పాత వాసర్‌ను చేతుల పట్టుకొని వెలుగుకు పెట్టి చూసిండు. చానాసేపు చూసిండు. "ఇది కంపెనీది కాదురా, మా నాయినది" అన్నడు.

నాకు సమజ్ కాలే. చూపిచ్చిండు. మిషన్ల నొక్కినదైతే అంచు చుట్టూ ఒకటే తీరుగ ఉంటది. దీని అంచు రంపెతోని చెక్కింది, అదీ వాలు ఉల్టా పోయింది. మా తాతది ఎడమచెయ్యి. ఆయన కోసిన చెప్పు అట్టలల్ల గూడ వాలు అట్లనే పోతుండెనట. పటేల్ ఇంట్ల మాత్రం ఇన్నేండ్లు చెప్పుకున్న మాట వేరే: "జర్మనీ మాల్, వాసర్ మార్చే పనే పడలే." మిస్త్రీకి గూడ మనుమడు అదే చెప్పిండట.

తాతకు అప్పుడు పైసలు ఇచ్చిన్రా అని అడిగిన. చిన్నాయిన నవ్విండు. చెప్పులు, మోట తొండం, ఎడ్ల పట్టెడలు అన్నీ కళ్లం కాడ దొరికే జొన్నలల్లనే లెక్క. తుపాకి వాసర్‌కు వేరే లెక్క ఎక్కడిది? ఆ వాసర్ తోనే తుపాకి పేలింది, మా మేనత్తకు తాకింది. ఏది ముందు, ఏది తర్వాత అనేది చిన్నాయినకు యాదికి లేదు. నేను గూడ ఎక్కువ అడగలే.

"చెయ్యకు చిన్నాయినా, ఆ తుపాకికి మనమెందుకు ఊపిరి పొయ్యాలె?" అన్న. ఆయన పిస్టన్‌ను తుడుసుకుంటనే చెప్పిండు: "తుపాకి వాళ్లది, పని నాది. మా నాయినకు ఇయ్యలే. నాకు ఇస్తరు, తీసుకుంట." నాకు పూర్తిగ ఒప్పుదల కాలే, ఇప్పటికీ కాలే. కాని పని ఆయనది, మాట గూడ ఆయనదే నడిచింది.

తోలు ఎక్కడిదంటే, మూతబడ్డ పిండి గిర్ని పట్టాది. పాత గిర్నీలకు తోలు పట్టాలు ఉండె. బజార్ల దొరికే క్రోమ్ తోలు మెత్తగ ఉంటది, గిన్నె చేస్తే నిలబడదు. చెట్టు చెక్కతోని పదును పెట్టిన తోలే కావాలె. పట్టా మందం ఎక్కువ, రంపెతోని చెక్కి చెక్కి రెండున్నర మిల్లీమీటర్లకు తెచ్చిండు. గొట్టం కంటె పెద్దగ గుండ్రంగ కోసి, గోరువెచ్చని నీళ్లల్ల బుడగలు ఆగేదాక నానేసిండు. మిస్త్రీ ఒక పైపు ముక్క, దాంట్ల పట్టే కట్టె బిరడా చేసి ఇచ్చిండు. తడి తోలును ఆ రెండిటి నడుమ పెట్టి బెంచి వైసుల నొక్కితే గిన్నె అయితది. రెండు దినాలు నీడకు ఆరాలె. ఎండకు పెడితే పలుగుతది.

ఆరినంక అంచు కోసుడు. అసలు పని గదే. అంచు మందంగ ఉంటే గొట్టంల ఇరుకుతది, పల్చగ ఉంటే మడత పడ్తది. తర్వాత మేక కొవ్వు కరిగిచ్చి, ఆముదం కలిపి, వేలు పెడితే ఓర్చుకునే వేడిల ముంచుడు. అంతకంటె వేడి అయితే తోలు చుట్టుకపోతది. నడుమ ఆరెతోని రంధ్రం చేసి స్క్రూ బిగిచ్చిండు. స్క్రూ తల తోలు కంటె మీదికి రావద్దు, వస్తే ముందట గోడకు కొట్టుకుంటది.

గొట్టంల దించుడు ఇంకొక కష్టం. పిస్టన్‌ను వెనుకకు గుంజే కడ్డీ కోసం గొట్టానికి పొడుగు గాడి ఉంటది, దాని అంచులు బ్లేడు లెక్క ఉంటయి. కొత్త వాసర్ పెదవి అండ్ల తట్టుకుంటే ఇంత పని మట్టిపాలే. మిస్త్రీ ఆ అంచులను సన్న పాలీష్ కాయితంతోని రుద్దిండు. చిన్నాయిన మొండి వెదురుపుల్లతోని పెదవిని లోపలికి ఒత్తుకుంట ఒత్తుకుంట దించిండు. మొదటి నాలుగైదు గుండ్లకు పొగ వచ్చింది. గాలి ఒక్కసారే నలిగితే వేడెక్కుతది, ఆ వేడికి ఎక్కువైన కొవ్వు అంటుకుంటది. తర్వాత పొగ ఆగింది, శబ్దం సన్నగైంది.

చెట్టు చెక్క అన్న గదా, మన దిక్కు అది తంగేడు చెక్క. తంగేడు పువ్వు తెలంగాణ రాష్ట్ర పువ్వు, బతుకమ్మల పేర్చుతరు, నెత్తిన పెట్టుకుంటరు. దాని బెరడు మా లందల తోలును నానబెట్టింది, ఆ వాసన వస్తదని మా వాడను ఊరికి దూరం పెట్టిన్రు. 1948ల మద్రాసుల పెట్టిన కేంద్ర తోలు పరిశోధన సంస్థల ఈ పదును మీద చదివితే సైన్సు అంటరు. మా తాత చేస్తే కులం అన్నరు.

ఇక్కడ మన ఉద్యమంల ఒక తగాదా ఉన్నది, దాపెట్టుడెందుకు. 1927ల మహాడ్‌ల బాబాసాహెబ్ చచ్చిన పశువు మాంసం మానుమన్నడు. ఆ పిలుపుతోని చానామంది పశువును గుంజే పని గూడ మానిన్రు. 2016 జూలైల గుజరాత్ ఊనాల చచ్చిన ఆవు తోలు తీసినందుకు మనోళ్లను కట్టేసి కొట్టినంక, అక్కడి దళితులు పశువుల కళేబరాలను కలెక్టర్ ఆఫీసు ముందట పడేసిన్రు. నేను ఆ దిక్కే. బలవంతపు పని ఒక్క దినం గూడ చెయ్యొద్దు. కాని పని విడిచిపెట్టుడు వేరు, ఇల్ము విడిచిపెట్టుడు వేరు. కొలత, నానుడు, ఆరుడు, అంచు, ఇదంతా ఎవలు సంపాయించిన్రు? మనం సిగ్గుపడి వదిలేస్తే, రేపు దానికి ఇంకెవలో పేరు పెట్టుకొని అమ్ముకుంటరు.

ఆ దినం రసీదు నేనే రాసిన. "తోలు వాసర్ తయారీ, బిగింపు – 1,200 రూపాయలు." కింద చిన్నాయిన పేరు, ఇంటిపేరుతోని సహా. మనుమడు రసీదు చూసి, "ఇంత చిన్న ముక్కకా?" అన్నడు. చిన్నాయిన పాత వాసర్‌ను ఆయన ముందట పెట్టి, "ఇది మా నాయిన చేసింది. దీని పైసలు అడుగుతలేను" అన్నడు. మనుమడు కొంచెంసేపు దాని దిక్కు చూసి ఫోన్‌పే చేసిండు. పోయేటప్పుడు పాత వాసర్ గూడ ఇమ్మన్నడు, తుపాకితోని పెట్టుకుంట అన్నడు. చిన్నాయిన ఇయ్యలే.

జాతర తుపాకులకు ఆయన రేటు వేరే, ఒక్కో వాసర్‌కు 300. బుగ్గల దుకాణపోళ్లు గూడ మనసుంటోళ్లే అంటడు. శివరాత్రి ముందట నాలుగు తుపాకులు వస్తయని మిస్త్రీ కబురు పంపిండు. గిర్ని పట్టా అరచెయ్యి అంత మిగిలింది. ఎవలి ఊర్లన్న పాత గిర్ని పట్టా మూలకు పడి ఉంటే నాకు చెప్పుండ్రి, వచ్చి తీస్కపోత.