దిగాల్సిన స్టేషన్

పోయిన ఏడాది మా హాస్టల్ గ్యాంగులో 'స్లో ట్రావెల్' మీద పెద్ద చర్చ జరిగింది. చర్చంటే ఏం లేదు, అందరూ అరకు వెళ్దామన్నారు. అద్దాల బోగీ, సొరంగాలు, బొర్రా గుహలు, రీల్స్. నేను మాత్రం మార్చిలో ఒక శనివారం ఒంటరిగా మెము రైలెక్కి మనుబోలు బయల్దేరాను. గొప్ప కోసం కాదు. ఆ రోజు నాకు వీలైనంత ఆలస్యంగా చేరే బండి కావాలి, అంతే.

ఐదో సెమ్‌లో ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీరింగ్ పోయింది. రిజల్ట్ వచ్చి మూడు వారాలైనా ఇంట్లో చెప్పలేదు. మా ఇంట్లో నాన్నకి ఏదైనా చెప్పొచ్చు, అమ్మకి చెప్పడమే కష్టం. అమ్మకి చెప్పాలంటే ముందు అవ్వని మన పక్కకి తిప్పుకోవాలి. అవ్వది మనుబోలు, నెల్లూరుకీ గూడూరుకీ మధ్య. ఎప్పుడెళ్ళినా నెల్లూరులో దిగి హైవే మీద బస్సులో అరగంటలో వెళ్ళిపోయేవాణ్ణి. చెన్నై వెళ్ళేటప్పుడు ఎక్స్‌ప్రెస్ కిటికీలోంచి ఆ పసుపు బోర్డు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అక్షరాలు కూడబలుక్కునేలోపే వెనక్కి పోయేది.

ఒంగోలులో ఎక్కాను. అక్కడి నుంచి మనుబోలు సుమారు 140 కిలోమీటర్లు. టంగుటూరు, సింగరాయకొండ, ఉలవపాడు, తెట్టు... ఎక్స్‌ప్రెస్‌లో పోతే ఇవన్నీ ఉన్నట్టే తెలీదు. ఉలవపాడు మామిడి తోటల్లో ఇంకా పిందెలే. కావలిలో ఉడకేసిన శెనక్కాయలు కొన్నాను. బిట్రగుంట ఒకప్పుడు ఆవిరి ఇంజన్లకి పెద్ద లోకో షెడ్ ఉన్న ఊరు. ఇప్పుడు మా బండి అక్కడ ఆగితే ఎక్కింది నలుగురు. ప్రతి స్టేషన్లోనూ అదే వరస: చేపల గంపలు దిగడం, కాలేజీ పిల్లలు ఎక్కడం, తలుపు దగ్గర కూర్చున్నాయన విసుక్కుంటూ కాళ్ళు ముడుచుకోవడం. నేను మాత్రం చెప్పాల్సిన మాటని మనసులో తిప్పి తిప్పి రాసుకుంటున్నాను. 'అవ్వా, ఒక చిన్న విషయం...' చిన్న అనకూడదేమో.

పడుగుపాడు దాటాక పెన్న. ఆ వంతెన మీద మాత్రం కాసేపు అన్నీ మర్చిపోయాను.

నెల్లూరులో ఒక పెద్దాయన ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడట, గూడూరులో కూతురింటికి పోతున్నాడు. వెంకటాచలంలో మా బండిని పక్క లైన్లో పెట్టేశారు. పది నిమిషాలు, పదిహేను... బోగీలో అందరూ తిట్టుకుంటున్నారు. ఆలస్యమైనందుకు సంతోషించిన ప్రయాణికుణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

"వందే భారత్‌కి దారిచ్చుండారు నాయనా," అన్నాడు పెద్దాయన. నిజంగానే కాసేపటికి తెల్లటి బండి ఒకటి అలా వచ్చి ఇలా పోయింది. ఐదారు సెకన్లు. మనం లూప్ లైన్లోకి వచ్చేటప్పుడు అంత నిదానంగా ఎందుకొచ్చామో తెలుసా అని అడిగాడు. తెలీదన్నాను. (తెలియాలి. సిలబస్‌లో ఉంది.) సీటు మీద వేలితో గీసి చూపించాడు. ఇది మెయిన్, ఇది లూప్, ఇక్కడ పాయింటు. తిన్నగా పోయే బండి ఎంత వేగంగానైనా పోవచ్చు, పక్కకి తిరిగే బండి మాత్రం ముప్పై దాటకూడదు, పాయింటు ఇంకా గట్టి మలుపైతే పదిహేనే. పరీక్షలో ఒకటికి పన్నెండు, ఒకటికి ఎనిమిదిన్నర టర్నౌట్ల ప్రశ్న ఇదే. పది మార్కులు. నేను ఖాళీ వదిలేసి వచ్చాను.

"ఏం చదవతుండావు?" అన్నాడు. "సివిల్," అన్నాను. ఆయన చాలా మర్యాదగా ఏమీ అనలేదు.

వెంకటాచలం చిన్న స్టేషనే గానీ చిన్న పని కాదు దానిది. కృష్ణపట్నం పోర్టు లైను ఇక్కడే విడిపోతుంది. వెలిగొండల కింద ఆరున్నర కిలోమీటర్ల పైన సొరంగం తవ్వి, 2019లో ప్రారంభించిన ఓబులవారిపల్లె లైను ఇక్కడికే వచ్చి కలుస్తుంది. ఈ దారిలో ఇన్నేళ్ళు తిరిగాను, ఒక్కసారి కూడా అటు చూడలేదు.

కొమ్మరపూడి దాటింది. రెండు పక్కలా కోతకొచ్చిన వరి, మళ్ళలో కోత మిషన్లు, పొద్దు వాలిపోయింది. మనుబోలు వచ్చింది. బండి ఆగింది. పసుపు బోర్డు నా కిటికీకి సరిగ్గా ఎదురుగా నిలబడింది. మొదటిసారి పూర్తిగా చదివాను.

దిగలేదు.

ఎందుకు దిగలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. బ్యాగు ఒళ్ళోనే ఉంది, కాళ్ళు లేవలేదు. బండి కదిలాక పెద్దాయన, "మనుబోలంటివి కదా?" అన్నాడు. "గూడూరులో పనుంది," అన్నాను. ఆయన నా మొహం చూసి కిటికీ వైపు చెయ్యి చూపించాడు. మసక చీకట్లో పట్టాల మీదుగా ఎత్తుగా ఇంకో పట్టాల దారి పోతోంది. విజయవాడ–గూడూరు మూడో లైన్లో భాగంగా 2023లో పూర్తయిన 2.2 కిలోమీటర్ల ఫ్లైఓవర్.

"మన బండ్లు ఎడం పక్క పట్టాల మీద పోతాయి గదా. రేణిగుంట పోయే బండి గూడూరులో కుడి పక్కకి తిరగాల. తిరగాలంటే మద్రాసు నుంచి ఎదురొచ్చే లైనుకి అడ్డం పడాల. ఇది దాటిందాకా అది ఆగాల, లేదంటే అది పోయిందాకా ఇది ఆగాల. ఈ గోల తగ్గించేదానికే పైన కట్టింది," అన్నాడు.

'సర్ఫేస్ క్రాసింగ్' అనే రెండు ముక్కలు నోట్సులో అండర్‌లైన్ చేసి పెట్టుకున్నాను నేను. అర్థమైంది మాత్రం అప్పుడే, అదీ ఊరు దాటిపోయాక.

గూడూరులో దిగాను. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు గూడూరు తిరుపతి జిల్లాకి పోయింది, మనుబోలు నెల్లూరులోనే ఉండిపోయింది. అంటే భయంతో నేను పక్క జిల్లాకి పారిపోయినట్టు లెక్క. టీ తాగాను. గూడూరు వచ్చినందుకు సాక్ష్యంగా ఉంటుందని పాతిక నిమ్మకాయలు కొని, పల్లెవెలుగు ఎక్కి వెనక్కొచ్చాను.

అవ్వ వాకిట్లోనే కూర్చొని ఉంది.

"రైల్లో వస్తానంటివే అబ్బయ్యా, బస్సు దిగినావేంది?"

"నిమ్మకాయల కోసం గూడూరు పోయినా అవ్వా."

"పెరట్లో చెట్టు నిండా కాయలు పెట్టుకోనా?"

ఇంక దాచలేకపోయాను. రైల్లో రాసుకున్నదంతా పోయి, ఒక్క వాక్యమే వచ్చింది. అవ్వ నిమ్మకాయలు ఒక్కొక్కటీ నొక్కి చూస్తూ వింది.

"ఎన్ని పోయినాయి?"

"ఒకటే."

"మళ్ళా రాయనిస్తారా?"

"రాయనిస్తారు."

"మీయమ్మ పదోక్లాసులో లెక్కలు తప్పింది. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. నా చిన్నప్పటి నుంచి లెక్కల్లో తొంభై దాటకపోతే అన్నం ముందు కూర్చోబెట్టి క్లాసు పీకిన మా అమ్మ! ప్యాసింజరెక్కి గూడూరు పోయి, సెప్టెంబర్‌లో రాసి వచ్చిందట. పరీక్ష ముందు రోజు రాత్రి ఏడ్చిందట. నాతో చెప్పినట్టు అమ్మతో అనొద్దని అవ్వ రెండుసార్లు ఒట్టేయించుకుంది. ఇక్కడ రాస్తున్నాను గానీ, మా అమ్మ ఈ-మ్యాగజైన్లు చదవదు.

తర్వాత అవ్వ తన ఫోన్లోంచి అమ్మకి కలిపి నా చేతికిచ్చింది. రెండు రింగులకే అమ్మ తీసింది.

"చేరినావా? తిన్నావా?"

"ఇంకా లేదమ్మా. ఒక మాట చెప్పాలి," అన్నాను.

అవ్వ కుర్చీ దగ్గరికి లాక్కొని, స్పీకర్ పెట్టమని సైగ చేసింది.