తారు కింద ఏముంది?

పాత కారు అడుగుకు అండర్‌కోటింగ్ కొట్టించాలా, వద్దా? మా ఇంట్లో నెల రోజులు ఇదే వాదన. కారు సంగతి తెలుగు శాఖ గోడపత్రికలో ఎందుకని నవ్వకండి. కోయంబత్తూరు తెలుగువాళ్ల కథలో మోటారు లేని ఇల్లు తక్కువ. కలంగల్ ఊళ్లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు గారు 1920లో పొల్లాచ్చి, పళనిల మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టారు. అవినాశి రోడ్డులో ఉన్న జీడీ కార్ మ్యూజియం ఆ కుటుంబానిదే. మా తాత బస్సులు నడపలేదు, మ్యూజియం కట్టలేదు. ఆయనకున్నది ఒక్క అంబాసిడర్, మార్క్ 3. 1978లో కొన్నాడు. 1991లో మా అత్తను పెళ్లికూతురిగా మండపానికి తీసుకుపోయింది ఆ బండే. ఈ తై నెలలో మదురైలో అత్త కూతురి పెళ్లి. మా వదినను కూడా అదే బండిలో మండపానికి తీసుకుపోవాలని తాత కోరిక. ఆయనకిప్పుడు 84.

కోయంబత్తూరు నుంచి పల్లడం, ధారాపురం, దిండిగల్ మీదుగా మదురైకి 200 కిలోమీటర్లు దాటుతుంది. అంత దూరం పోయే ముందు అడుగంతా నల్లగా అండర్‌కోటింగ్ కొట్టించేద్దామన్నాడు నాయన. "ఒక్క రోజు పని. తురు ఆగిపోతాది, చూసేదానికీ బాగుంటాది" అన్నాడు అన్న. (మనం పుస్తకంలో చదివే తుప్పు మా ఇంట్లో తురు.) మదురై మామ ఫోన్లో అదే మాట చెప్పాడు. వద్దన్నది నేనొక్కదాన్నే. అప్పటికి నా దగ్గర గట్టి కారణం లేదు. ఒక్క అనుమానం మాత్రం ఉంది: కింద ఏముందో ఎవరూ చూడలేదు కదా?

అండర్‌కోటింగ్ అంటే తారు లాంటి, లేదా రబ్బరు కలిసిన మందమైన పూత. చలిదేశాల్లో మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లుతారు. ఉప్పునీళ్లు తగిలితే ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. అక్కడ ఈ పూత అవసరం ఎక్కువ. రాళ్లు ఎగిరి తగిలే శబ్దం కూడా దీనితో తగ్గుతుంది. మన కోయంబత్తూరుకు సముద్రం దూరం, రోడ్డు మీద ఉప్పు లేదు. గట్టి వానలు ఐప్పసి, కార్తీక నెలల్లోనే. మరి మన బండ్లు ఎందుకు తుప్పు పడతాయి? బురద మూలల్లో ఇరుక్కుని తడి పట్టి ఉంచడం వల్ల. తలుపుల అడుగున నీళ్లు కారిపోయే చిన్న రంధ్రాలు మూసుకుపోవడం వల్ల. నెలకు రెండుసార్లు కూడా తీయని బండిని మట్టినేల షెడ్డులో నిలబెట్టడం వల్ల. మాది మట్టినేల షెడ్డే.

ఇంకో సంగతి. అంబాసిడర్‌కు లారీలాగా విడి ఛాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కింద పెట్టెలా ఉండే భాగం, వెనక కమ్మీలు తగిలించే చోటు, ఇవన్నీ కలిసే బరువు మోస్తాయి. అందుకే దాని అడుగు తుప్పు పడితే చెడేది అందం ఒక్కటే కాదు.

తాత దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. బండికి చేయించిన ప్రతి పనీ అందులో రాశాడు. భాష తెలుగు, అక్షరాలు తమిళం. మన ఇళ్లలో పెద్దవాళ్లు చాలామంది ఇట్లాగే రాస్తారని మీకు తెలుసు. క, గ లకు ఒకటే అక్షరం. కాబట్టి "గుంట"నా, "కుంట"నా అన్నది ముందూ వెనకా చూసి పట్టుకోవాలి. రెండు సాయంత్రాలు కూర్చుని చదివాను. 1996లో ఒక మాట దొరికింది: "వెనక ఎడమ పక్క అడుగుకు తారు కొట్టిచ్చినాము. రాళ్ల సద్దు తగ్గింది." నెల చూస్తే కార్తీక. అంటే వానల్లో.

మరుసటి ఆదివారం బండిని మాకు తెలిసిన టింకర్ మేస్త్రి పట్టరైకి తీసుకుపోయాం. "ఆడపిల్లకు బండి కింద ఏం పనే?" అంది అవ్వ. పాత చుడీదార్ వేసుకుని నేనూ పిట్‌లోకి దిగాను. మేస్త్రి స్క్రూడ్రైవర్ పిడితో రేకును తట్టుకుంటూ పోయాడు. గట్టి ఇనుము టంగుమంటుంది, చెడిన చోటు మెత్తగా పలుకుతుంది. తారు లేని చోట పైపైన ఎర్రగా ఉంది కానీ రేకు గట్టిదే. తారు ఉన్న చోట చూపుకు అంతా నున్నగా, నల్లగా ఉంది. గీకితే అట్టలుగా ఊడి వచ్చింది. దాని వెనక తడి, తడి వెనక పొరలు పొరలుగా తుప్పు. వెనక కమ్మీ తగిలించే చోట స్క్రూడ్రైవర్ మొన లోపలికి దిగిపోయింది.

"తారు తప్పు కాదు తల్లీ," అన్నాడు మేస్త్రి. "తడి మీద కొట్టినారు. తడి బయటికి పోయేదానికి దోవ లేదు. లోపలే ఉండి తినేసింది."

తర్వాత చదివితే అర్థమైంది. తుప్పు తను తిన్న ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పూతను లోపలినుంచి పైకి తోస్తుంది. ఎక్కడో సన్నగా చీలిక పడుతుంది, అక్కడినుంచి ఇంకా నీళ్లు దిగుతాయి. శుభ్రమైన, ఎండిన రేకు మీద పూస్తే పూత కాపాడుతుంది. చెడిన రేకు మీద పూస్తే కనబడకుండా చేస్తుంది, అంతే.

ఇక తేల్చుకోవాలి. ఆ చోటు కోసి, కొత్త రేకు వెల్డింగ్ పెట్టి, అడుగంతా గీకి ప్రైమర్ కొట్టాలంటే మూడు వారాలు. ఖర్చు అండర్‌కోటింగ్‌కు మూడింతలు. పెళ్లికి పన్నెండు రోజులే ఉంది. ఇప్పటికి నల్లగా కొట్టించి పెళ్లికి పోయి వద్దాం, మిగతాది తర్వాత చూద్దామన్నాడు నాయన. ఇన్నేళ్లు నిలిచింది ఇంకో రెండు వారాలు నిలవదా అని ఆయన లెక్క. తాత మొహం చూసి చెప్పిన మాట అది. నాకూ కష్టంగానే ఉంది. అయినా ఆ కమ్మీ మీద ఐదుగురు కూర్చుని దిండిగల్ దాటడం నేను ఒప్పుకోలేకపోయాను. నోటుపుస్తకం తీసి 1996 పేజీ తాత ముందు పెట్టాను. ఆయన తన రాతే వేలు పెట్టుకుని చదువుకున్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు.

"బండి ఆగనీ," అన్నాడు చివరికి. "పెండ్లికూతురు ఆటోలో పోయినా పెండ్లి జరుగుతాది."

మదురైకి అందరం బస్సులో పోయాం. నాయక రాజుల కాలం నుంచి మనవాళ్లున్న ఊరు కదా, మండపంలో ఏ మూల చూసినా తెలుగే. ప్రతి ఒక్కరూ తాతను "బండి ఏది?" అని అడిగారు. ప్రతిసారీ ఆయన చెప్పిన జవాబు ఒకటే: "పనిలో ఉండాది." వదిన అద్దెకారులోనే మండపానికి వచ్చింది. ఆ పూట తాత భోజనం సరిగ్గా చేయలేదు.

బండి పని మాసి నెలలో అయింది. రెండు చోట్ల కొత్త రేకు, అతుకుల్లో సీలర్, అడుగంతా ప్రైమర్, పెయింటు. దాని మీద తారు బదులు మైనం లాంటి పల్చని పూత. రెండేళ్లకోసారి మళ్లీ వేయాలి. కానీ దానిలోంచి రేకు కనబడుతుంది, ఎక్కడ ఎర్రబడినా తెలుస్తుంది. నీళ్లు కారే రంధ్రాలన్నీ సన్నని తీగతో తెరిచాం. షెడ్డుకు సిమెంటు నేల వేయించాం. దీనికే ఎక్కువ ఫలం ఉంటుందని మేస్త్రి అన్నాడు.

తాత నోటుపుస్తకంలో ఈ పని వివరమంతా నేను రాశాను, తెలుగు అక్షరాల్లో. ఆయనకు చదవడం రాదు కాబట్టి పైకి చదివి వినిపించాను. వెల్డింగ్ పెట్టిన చోటు బొమ్మ కూడా గీయమన్నాడు, గీశాను.

మీ ఇళ్లలోనూ పాత బండో, ఇనుప బీరువానో, కిటికీ గ్రిల్లో ఉంటుంది. పండగొస్తే రంగు వేద్దామంటారు. వేయండి. కానీ ముందు ఒకసారి తట్టి చూడండి. మెత్తగా పలికిన చోట రంగు డబ్బా పక్కన పెట్టి, మేస్త్రిని పిలవండి.