నరుటో జలసంధి దాకా ఒక సినిమా వాదన

కోబె నుంచి బయల్దేరిన బస్సు ఆకాషి వంతెన ఎక్కింది. మా అమ్మాయి మాత్రం వాదన ఆపలేదు.

"హినాటాను చిన్నబుచ్చారమ్మా వాళ్ళు" అంటుంది. వాళ్ళంటే 'ది లాస్ట్: నరుటో ద మూవీ' తీసినవాళ్ళు. ముందురోజు రాత్రి ఒసాకాలో తన గదిలో ఇద్దరం కూర్చుని ఆ సినిమా మళ్ళీ చూశాం. తను ఇంటర్ చదివే రోజుల్లో జపాన్ బొమ్మల సీరియల్ హీరో నరుటో మా ఇంట్లోకి వచ్చాడు. తన పక్కన కూర్చుని నేనూ చూడడం మొదలుపెట్టాను. తల్లీదండ్రీ లేని పిల్లాడు, ఊరంతా దూరం పెట్టిన పిల్లాడు, అదే ఊరికి పెద్ద కావాలనుకోవడం నన్ను కట్టిపడేసింది. ఇప్పుడు తను జపాన్‌లో ఉద్యోగం చేస్తోంది, నేను చూడ్డానికి వచ్చాను. టోక్యో వద్దు, అదే పేరున్న నరుటో జలసంధి సుడిగుండాలు చూపించు అని అడిగింది నేనే. దారిలో కనబడ్డ అభిమానులందరినీ ఈ సినిమా గురించి అడుగుదామన్నది తన ఆలోచన. నాకు రాని జపనీసు తనకు వచ్చు.

కింద జలసంధిలో ఓడలు అటూ ఇటూ పోతున్నాయి. 1998లో తెరిచిన ఈ వేలాడే వంతెన పొడవు 3,911 మీటర్లు. కట్టుబడి మధ్యలో ఉండగా 1995 జనవరిలో కోబె భూకంపం వచ్చింది. అప్పటికి రెండు పెద్ద టవర్లు లేచి ఉన్నాయి. అవి పడలేదు కానీ, కింద నేల జరిగి వాటి మధ్య దూరం దాదాపు ఒక మీటరు పెరిగింది. ఇంజనీర్లు లెక్కలు సరిచేసుకుని అక్కడి నుంచే పని కొనసాగించారు. ఈ మాట విన్నాక ఆ టవర్లను తలెత్తి చూడకుండా ఉండలేకపోయాను.

సినిమా సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. మసాషి కిషిమోటో 1999లో ఒక వారపత్రికలో మొదలుపెట్టిన నరుటో బొమ్మల కథ 700 అధ్యాయాలు నడిచి 2014 నవంబరు 10న ముగిసింది. చివరి అధ్యాయానికి నరుటో తన ఊరికి హొకాగే, అంటే ఊరి పెద్ద, అయిపోయాడు. హినాటా అతని భార్య. ఇద్దరు పిల్లలు. వాళ్ళిద్దరూ ఎలా దగ్గరయ్యారో పుస్తకంలో లేదు. నెల తిరక్కముందే, డిసెంబరు 6న, ఆ ఖాళీని నింపుతూ ఈ సినిమా వచ్చింది. నరుటో సినిమాల్లో పదోది. దర్శకుడు త్సునియో కొబయాషి. కథ రూపకల్పనలో కిషిమోటో చేయి ఉంది, ఎదిగిన పాత్రల రూపురేఖలూ ఆయనవే. చంద్రుడు భూమ్మీద పడబోతుంటాడు. టోనెరి అనేవాడు హినాటా చెల్లెలు హనాబిని ఎత్తుకుపోతాడు. ఆమెను విడిపించడానికి నరుటో, హినాటా, సకురా, సాయ్, షికమారు బయల్దేరతారు. పైకి ఇది సాహసగాథ. లోపల మాత్రం హినాటా నరుటో కోసం అల్లే ఎర్ర మఫ్లరు కథ.

వంతెన దాటితే అవాజి ద్వీపం. అక్కడ ప్రభుత్వ ఉద్యానవనం ఒకటి ఉంది. అందులో నిజిగెన్ నో మోరి అనే పార్కు. 2019 ఏప్రిల్‌లో అక్కడ నరుటో, అతని కొడుకు బొరుటో పేర్లతో నింజాల పల్లె ఒకటి తెరిచారు. లోపలికి అడుగు పెట్టగానే కొండరాతి మీద హొకాగేల ముఖాలు. మా అమ్మాయి మాట ఆగిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏళ్ళ తరబడి తెరమీద చూసిన రాయి అది. మూడంతస్తుల చిక్కుదారిలో పిల్లలు తాళ్ళు పట్టుకుని పాకుతున్నారు, వాళ్ళ వెనక తండ్రులు ఆయాసపడుతున్నారు. నేను కిందే ఉండి, పొడుపుకథలు విప్పుకుంటూ నడిచే దారి ఎంచుకున్నాను.

మధ్యాహ్నం రామెన్ కొట్టు దగ్గర వరుసలో మా ముందు నిలబడ్డ ఆవిడ మొదటి సాక్షి. ముప్పై దాటిన వయసు, పక్కన ఎనిమిదేళ్ళ కొడుకు. ఈ సినిమా విడుదలైన నెలలోనే థియేటర్లో చూసిందట. పక్కన కూర్చున్న కుర్రాడే ఇప్పుడు ఆమె భర్త. అప్పట్లో ప్రేక్షకులకు ఇచ్చిన చిన్న పుస్తకం ఇంకా బీరువాలో దాచుకుందట. ఏ ఘట్టం ఇష్టమని అడిగించాను. యుద్ధాలు ఒక్కటీ గుర్తు లేవంది. బడి గది గుర్తుందంది. రేపే లోకం అంతమైపోతే చివరి రోజు ఎవరితో ఉంటారో కాగితం మీద రాయమని ఇరుకా మాస్టారు పిల్లల్ని అడుగుతాడు. అందరూ ఎవరో ఒకరి పేరు రాస్తారు. నరుటోకు రాయడానికి ఎవరూ లేరు. తన కాగితాన్ని విమానంలా మడిచేస్తాడు. ఆ కాగితపు విమానం గురించి చెప్పేటప్పుడు ఆవిడ గొంతు జీరపోయింది. అనువాదం చేయకముందే నాకు సంగతి అర్థమైంది.

కొడుక్కి ఇవేవీ పట్టలేదు. ససుకే అంతసేపేనా కనబడేది, అన్నదొక్కటే వాడి ఫిర్యాదు. నిజమే. ఊరి మీద పడబోయే ఉల్కను ముక్కలు చేయడానికి వచ్చి, రెండు ముక్కలు మాట్లాడి వెళ్ళిపోతాడు. నరుటో ఏళ్ళ తరబడి ఎవరి వెంటపడ్డాడో ఆ స్నేహితుడికి అంత తక్కువ చోటివ్వడం నాకూ నచ్చలేదు.

రెండో సాక్షి ఇండోనేషియా కుర్రాడు. ఫ్యాక్టరీలో పనిచేస్తాడట, సెలవు దొరికి వచ్చాడు. చేతి మీద సుడి గుర్తు పచ్చబొట్టు. అతను మొహమాటం లేకుండా తీర్పు చెప్పేశాడు: ప్రేమకథగా బాగుంది, నింజా సినిమాగా బలహీనం. చంద్రుణ్ణి నిలువునా చీల్చే దృశ్యం గొప్పగా గీశారు కానీ, చీల్చినవాడి మీద కోపమూ రాదు, జాలీ రాదు. సీరియల్లో పెయిన్ అనే శత్రువు ఊరినంతా నేలమట్టం చేసినా, అతను ఎందుకలా అయ్యాడో చూశాక మనసు కలుక్కుమంటుంది. టోనెరి బాధ ఒంటరితనమని చెబుతారే గాని చూపించరు. అంతకంటే 2012లో వచ్చిన 'రోడ్ టు నింజా' మేలంటాడు ఇతను. అందులో నరుటో తన తల్లిదండ్రులు బతికే ఉన్న మరో లోకంలోకి వెళ్ళిపడతాడు. "అమ్మ చేతి అన్నం ముందు వాడు కూర్చున్నప్పుడు నేను మా ఊరికి ఫోన్ చేశాను" అన్నాడు. ఇంటికి దూరంగా బతుకుతున్న పిల్లలకు ఆ సినిమా ఎందుకు ఎక్కుతుందో వేరే చెప్పాలా!

బల్ల దగ్గర కూర్చున్నాక మా అమ్మాయి తన ఫిర్యాదు మళ్ళీ ఎత్తుకుంది. రామెన్ మీద గులాబీ సుడి ఉన్న చేప ముక్క తేలుతోంది. నేను శాకాహారిని, కాఫీతో సరిపెట్టుకున్నాను.

"పెయిన్‌కు అడ్డంగా నిలబడి, చచ్చిపోతానని తెలిసీ, ప్రేమిస్తున్నానని చెప్పిందమ్మా హినాటా. దానికి వాడు ఎప్పుడైనా జవాబు చెప్పాడా? ఈ సినిమాలో ఆ మాటే ఎన్నడూ విననట్టు ఉంటాడు. మాయలో పడి పాత జ్ఞాపకాలన్నీ కళ్ళముందు తిరిగితే తప్ప వాడికి తెలియదట. పైగా ఆ మఫ్లరు! పుస్తకంలో ఎక్కడుంది?"

"పుస్తకంలో లేకపోతే తప్పేముంది తల్లీ" అన్నాను. "శశిరేఖ వ్యాసభారతంలో ఉందా? 'మాయాబజార్' కోసం ఎన్ని తరాలు థియేటర్లకు వెళ్ళాయి? అభిమన్యుడితో పెళ్ళి జరుగుతుందని అందరికీ ముందే తెలుసు. ఎలా జరుగుతుందో చూడ్డానికే వెళ్ళారు."

"అందులో శశిరేఖ కోసం ఘటోత్కచుడు మాయలు పన్నుతాడు, ఊరంతా కదులుతుంది. ఇక్కడ హినాటా మఫ్లరు అల్లుతూ కూర్చుంటుంది. అంతటి యోధురాలు!"

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. నా వాదన సగమే నిలిచింది. ముగింపు ముందే తెలిసిపోవడం ఈ సినిమాకు దోషం కాదు, కొత్త గతాన్ని కల్పించడమూ దోషం కాదు. మన కథలు తరతరాలుగా అలాగే పెరిగాయి. కానీ కల్పించిన గతం ఆ మనిషికి సరిపోవాలి. మంచులో ముగ్గురు పోకిరీలు చిన్నారి హినాటాను ఏడిపిస్తుంటే నరుటో అడ్డుపడి దెబ్బలు తినడం, వాడి మఫ్లరు చిరిగిపోవడం ఆ పిల్లాడికి అచ్చంగా సరిపోయాయి. ప్రయాణమంతా హినాటా సూదులు పట్టుకునే ఉండడమే కొంచెం ఎక్కువైంది. చివర్లో నరుటోతో చేయీ చేయీ కలిపి శత్రువు శక్తి భాండాన్ని బద్దలు కొడుతుందే, ఆ హినాటా ఇంకాస్త ముందే కనబడాల్సింది. ఇది మా అమ్మాయికి ఒప్పుకున్నాను.

అవాజి దక్షిణ కొసను దాటించి షికోకు ద్వీపానికి చేర్చేది ఒనరుటో వంతెన. 1985లో పూర్తయింది, పొడవు 1,629 మీటర్లు. పై అంతస్తులో బస్సులు, కార్లు. కింది అంతస్తు బుల్లెట్ రైలు కోసం వదిలారు. ఆ రైలు ఈ దారికి రాలేదు. ఖాళీగా ఉన్న ఆ అంతస్తులోనే 450 మీటర్ల నడకదారి వేశారు. సముద్రానికి 45 మీటర్ల ఎత్తున నడుస్తాం. అక్కడక్కడా నేలలో దళసరి అద్దాలు. కథానాయకుడి పేరున్న నరుటో ఇదే. అతని ఇంటిపేరు ఉజుమాకి, అంటే సుడి.

పాటు పోటుల పట్టిక చూసుకుని వేళకు చేరాం. ఆ పట్టిక చూడకుండా ఎవరూ రాకండి. వేళ తప్పితే కనబడేది మామూలు నీళ్ళే. పసిఫిక్ నుంచి వచ్చే పోటు నీళ్ళలో కొంత భాగం అవాజిని చుట్టి, ఆకాషి మీదుగా లోపలి సముద్రం చేరడానికి ఐదారు గంటలు పడుతుంది. ఈలోగా ఇవతల పాటు మొదలవుతుంది. జలసంధికి ఒకవైపు నీటిమట్టం ఎత్తు, ఇంకోవైపు పల్లం. తేడా ఒకటిన్నర మీటర్ల దాకా ఉంటుంది. ఎత్తు నుంచి పల్లానికి నీళ్ళు ఎగబడతాయి. మధ్యలో లోతు ఎక్కువ, వేగం ఎక్కువ. ఒడ్డు పక్కన నెమ్మది. ఆ రెండూ రాసుకునే చోట సుడులు లేస్తాయి. పౌర్ణమి, అమావాస్యల దరిదాపుల్లో, అదీ వసంతంలోనూ శరత్తులోనూ, ఇరవై మీటర్ల వెడల్పు దాకా తిరుగుతాయని చెబుతారు.

అద్దం మీద మోకాళ్ళమీద కూర్చుని చూశాను. తెల్లటి నురుగు ఒకచోట గుండ్రంగా తిరిగి, మధ్యలో గుంటపడి, చెదిరిపోయి, పక్కనే మళ్ళీ లేస్తోంది. చప్పుడు అంత ఎత్తుకూ వినబడుతోంది. ఇదంతా చంద్రుడి పని. సినిమాలో చంద్రుడు భూమ్మీదికి దిగివస్తుంటే ఊరిని కాపాడే పిల్లాడిదీ ఈ నీళ్ళ పేరే. కిషిమోటో ఈ రెంటినీ కలిపి ఆలోచించారో లేదో నాకు అక్కర్లేదు. ఆ అద్దం మీద నాకు కలిశాయి. ప్రతి నరుటో అభిమానీ ఇక్కడికి ఒకసారి రావాలనిపించింది.

నడకదారి చివర నీలం చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకరు సుడులు ఎక్కడ లేస్తున్నాయో వేలితో చూపిస్తున్నారు. సినిమా చూశారా అని అడిగించాను. చూడలేదన్నారు. ఏ దేశంవాళ్ళు వచ్చినా నరుటోలా నారింజ రంగు చొక్కా వేసుకుని ఉంటే ఎందుకొచ్చారో తనకు తెలిసిపోతుందన్నారు. వాళ్ళు నీళ్ళను ఎక్కువసేపు చూస్తారట, తొందరపడి వెళ్ళరట. ఆ మాటకు మా అమ్మాయి వంగి నమస్కరించింది.

తిరుగు బస్సులో నా తీర్పు అడిగింది. చెప్పాను. సాహస చిత్రంగా 'ది లాస్ట్' మధ్యరకం, శత్రువు పలచన, ససుకేకు అన్యాయం. కానీ ప్రేమ అంటే ఏమిటో తెలియక పెరిగిన అనాథకు అది ఆలస్యంగా అర్థమవడం నాకు నమ్మదగ్గ విషయంగానే అనిపించింది. ఆకలేస్తే రామెన్ పెట్టినవాడి ప్రేమ వాడికి తెలుసు, చెవి మెలిపెట్టిన మాస్టారి ప్రేమ తెలుసు. వెనక నుంచి కళ్ళప్పగించి చూసే అమ్మాయి ప్రేమ వాడికి ఎవరు నేర్పారు? వాడు మొద్దు కాదు, లేమిలో పెరిగినవాడు. సినిమా ఈ ఒక్క సంగతిని నిజాయితీగా పట్టుకుంది. మా అమ్మాయి ఒప్పుకోలేదు. పెయిన్ ముందు చెప్పిన మాటకు జవాబు బాకీ ఉందనే ఇప్పటికీ అంటోంది. ఆ బాకీ నేనూ కాదనను.

ఇప్పుడు నరుటో తెలుగు మాటలతో టీవీలో వచ్చాక మన పిల్లలు చాలామంది కొత్తగా చూస్తున్నారు. వాళ్ళకూ, వాళ్ళ పక్కన కూర్చునే అమ్మానాన్నలకూ ఒక మాట. ఈ సినిమాను ముందుగా చూడకండి. సీరియల్ రెండో భాగం 'షిప్పుడెన్' 500 ఎపిసోడ్లుంది. అందులో మహాయుద్ధం ముగిసి, నరుటో ససుకేల చివరి పోరాటం అయిపోయేదాకా ఓపిక పట్టండి. ఆ తర్వాత ఈ సినిమా, దాని తర్వాత చివరి ఎపిసోడ్లలోని పెళ్ళి ముచ్చట్లు చూడండి. సినిమా పూర్తయ్యాక పేర్లు పడుతుంటే లేచిపోకండి. పెళ్ళి బొమ్మలు వచ్చేది అప్పుడే.